కూడు అను మాట

"కూడు తిన్నావా?", "అన్నము తిన్నావా?", "భోజనము చేసినారా?" — ఈ మూడు ప్రశ్నలకును జవాబు ఒక్కటే. విస్తరిలోని పదార్థమును ఒక్కటే కావచ్చును. కాని ఏ ప్రశ్న ఎవరిని అడుగవచ్చునో తెలుగునాట పెరిగిన పసివానికి కూడ తెలియును. ఇంటికి వచ్చిన అల్లుని మొదటి ప్రశ్న అడిగినచో ఆ పూట అతడు పీట మీద కూర్చుండడు. పెరటిలో కట్టెలు కొట్టు మనిషిని మూడవ ప్రశ్న అడిగినచో, తనను ఎగతాళి చేయుచున్నారేమోయని అతడు తల యెత్తి చూచును. ఆకలి అందరిదియు ఒక్కటే. దానిని తీర్చు వస్తువు పేరు మాత్రము మనిషిని బట్టి మారుచున్నది.

ఈ మూడు మాటలలో క్రింది మెట్టు మీద నిలిచిన 'కూడు' అను మాటను గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిమి. రెండక్షరముల చిన్న మాట. కాని అది పడిన పాట్లు చిన్నవి కావు.

కూడు అచ్చ తెలుగు మాట. వండిన అన్నమనియు, ఆహారమనియు దాని అర్థము. 1852లో వెలువడిన తన నిఘంటువులో బ్రౌను దొర ఈ రెండర్థములను ఇచ్చినాడు. విభక్తి చేరునపుడు అది 'కూటి' యగును. కూటికి, కూటికుండ, కూటిపేద అను రూపములు అట్లు ఏర్పడినవే. ఇరుగు పొరుగు భాషలలో దీనికి తోబుట్టువు లున్నవి. కన్నడమున కూళు, తమిళమున కూళ్. తమిళులు నాలుక మడిచి పలుకు ఆ 'ళ' ఉన్నచోట తెలుగున 'డ' వచ్చుట పరిపాటి. వారి కోళి మనకు కోడి. వారి ఏళు మనకు ఏడు. అట్లే వారి కూళ్ మనకు కూడు. తమిళనాట ఆ మాట రాగి, సజ్జ మొదలగు పిండితో కాచిన జావకు పేరై నిలిచినది. మన నాట అది కుండలో ఉడికిన ముద్దకు పేరైనది.

నలుగురు కూడి తినునది కనుక కూడు అయినదని కొందరు చమత్కరింతురు. వినుటకు ఇంపుగనే యున్నది. కాని చేరుట అను అర్థము గల కూడు వేరు, తినెడు కూడు వేరు. తమిళమున ఈ రెండు మాటలకు అక్షరములే వేరు. తెలుగున ధ్వనులు కలిసిపోవుటచే అవి కవలల వలె కనబడుచున్నవి. కూడిక, కూడలి అనునవి మొదటి దాని సంతానము. కూటికుండ రెండవ దాని సొత్తు.

పూర్వపు తెలుగున జనులు కూడు కుడిచెడివారు. 'కుడుచుట' అనగా తినుటయే. ఆ క్రియ నేడు పాలు త్రాగు బిడ్డకును, తల్లి పొదుగు వెదకుకొను లేగదూడకును మాత్రము మిగిలినది. జంటగా తిరిగిన రెండు మాటలలో ఒకటి పసివాండ్ర పాలయినది, రెండవది పేదవాండ్ర పాలయినది.

ఇక అన్నము. అది సంస్కృతమునుండి వచ్చినది. 'అద్' అను ధాతువునకు తినుట అని అర్థము, తినబడునది అన్నము. ఆ లెక్కన రొట్టెయు అన్నమే, పండును అన్నమే. కాని మనము ఆ మాటను తెచ్చుకొని దాని పరిధిని కుదించితిమి. "అన్నము తినలేదు, రెండు రొట్టెలు తిన్నాను" అని మన ఇండ్లలో అనుచునే యుందురు. సంస్కృత పండితునకు ఈ వాక్యము వింతగా తోచవచ్చును, మనకు తోచదు. మనకు అన్నమనగా ఉడికిన బియ్యమే. తక్కిన ధాన్యములకు ఆ పేరు పెట్టవలెనన్నచో ముందు విశేషణము తగిలింపవలెను: జొన్నన్నము, కొర్రన్నము. ఏ విశేషణమును లేని అన్నము వరిదే.

పల్నాటిసీమలో జొన్నలు తప్ప సన్నన్నము కానరాదని శ్రీనాథుని పేర ప్రచారములో నున్న చాటువు ఒకటి పరిహాసము చేయుచున్నది. పరిహాసము మాట యెట్లున్నను, వరి అన్నము తినుట ఒక అంతస్తు అనియు, జొన్నముద్ద తినుట మరియొక అంతస్తు అనియు తలచు దృష్టి అందులో స్పష్టముగ కనబడుచున్నది. కూడు అను మాట ఎందుకు క్రిందికి జారినదో తెలిసికొనుటకు ఇది మంచి ఆనవాలు.

సంస్కృత పదము వచ్చి తెలుగు పదమును త్రోసివేసినదని చెప్పి ఊరకుండుట చాలదు. జలము వచ్చినది, నీరు చెడలేదు. గృహము వచ్చినది, ఇల్లు చిన్నబోలేదు. "మా ఇంటికి రండి" అని ఎంతటి వారినైనను పిలువవచ్చును. "మంచినీళ్ళు పుచ్చుకొనండి" అని ఎవరికైనను అందింపవచ్చును. "మా ఇంట కూడు తినండి" అని మాత్రము ఎవరిని పిలువగలము? ఇట్టి స్థితి మనకే కలిగినదని కాదు. తమిళనాట సోఱు అను పాత మాటకును, సాదము అను మర్యాద మాటకును ఇట్టి భేదమే కలదు. కనుక కారణము వ్యాకరణములో లేదు. పొలములోను, వాకిటిలోను వెదకవలెను.

మొదటి కారణము ధాన్యము. మెట్టప్రాంతములలో తరతరములుగా జనులు తినినది జొన్న, సజ్జ, కొర్ర, రాగి. అక్కడ వరి అన్నము పండుగనాటి వంట. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనవి. డెల్టాలో వరి విస్తరించినది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నీరు 1967లో కాలువలకు వదలబడగా, శ్రీనాథుని పేరి చాటువు వెక్కిరించిన పల్నాటికి కూడ వరిపైరు వచ్చినది. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో బియ్యము 2 రూపాయలకు ఇచ్చుట ఆరంభించిన పిదప మెట్ట ఊళ్ళ పొయ్యిల మీదికి కూడ తెల్లని అన్నము నిత్యము ఎక్కినది. తెల్లని మెతుకుతో పాటు అన్నము అను పేరును ఇంటింటికి వచ్చినది. జొన్నముద్దయు, కూడు అను మాటయు కలిసి వెనుకకు జరిగినవి. తినునది మారినప్పుడు, పాతదాని పేరు పాత పేదరికమునకు గుర్తయినది.

రెండవ కారణము పెట్టువారికిని తినువారికిని నడుమనున్న దూరము. పాలేరును ఏడాదికి కుదుర్చుకొను దినములలో ఒప్పందము "కూడు, గుడ్డ, ఏటికింత జీతము" అని ఉండెడిది. ఆసామి ఇంటిలో ఆసామి తినునది అన్నము. వెనుక వాకిట పాలేరునకు పెట్టునది కూడు. ఒకే పొయ్యి మీద ఉడికినను గడప దాటగనే పేరు మారెడిది. ఇట్లు అది పెట్టువాడు పుచ్చుకొనువానిని గూర్చి అను మాటయైనది. దానిలో ఒక లెక్క చేరినది, ఒక దెప్పు చేరినది. "ఇన్నాళ్ళు కూడు పెట్టితిమి" అన్నప్పటి గొంతు అందరమును ఎరుగుదుము. "అన్నము పెట్టిన చేయి" అన్నప్పుడు పుచ్చుకొన్నవాడు కృతజ్ఞతతో పలుకుచున్నాడు. "కూడు పెట్టితిమి" అన్నప్పుడు పెట్టినవాడు బాకీ వసూలు చేయుచున్నాడు.

మూడవ కారణము చావు. బిడ్డ నోటికి మొదటి ముద్ద అందించు వేడుకకు అన్నప్రాశనమని పేరు. చనిపోయిన వారికై కాకులకు పెట్టు ముద్దకు పిండాకూడని పేరు. పుట్టుకకు ఒక మాట, చావుకు ఒక మాట పంచిపెట్టితిమి. దాత అన్నదాత, దానము అన్నదానము, దేవత అన్నపూర్ణ. తేరకు వచ్చినది తేరకూడు, నిలువయున్నది పాచికూడు, అన్యాయముగ ఆర్జించినది పాపపు కూడు. గౌరవమంతయు ఒక వైపు, ఈసడింపు అంతయు మరియొక వైపు త్రాసులో పెట్టితిమి. ఇంతకును రెండు తట్టలలోను ఉన్నవి మెతుకులే! ఆ 'మెతుకు' అను మాటకు మాత్రము ఏ మచ్చయు అంటలేదు. పేదవాడు వెదకుకొనునదియు మెతుకే, జమీందారు మీసమునకు అంటుకొన్నదియు మెతుకే.

ఇట్లని తెలుగునాట అన్ని చోట్లను కూడు తిట్టుమాట యైనదనుకొనరాదు. శ్రీకాకుళము, విజయనగరము వైపు పల్లెలలో పొలమునుండి వచ్చిన కొడుకును తల్లి "కూడు తిన్నావా?" అని ప్రేమతోనే అడుగును. రాయలసీమ పల్లెలలోను ఆ మాట సహజముగ వినబడును. తెలంగాణమున 'బువ్వ' అను మాటను ముదుసలి మొదలు పసివాని వరకు అందరును వాడుదురు, "బువ్వ తిన్నవా?" అని పెద్దవారిని అడుగుటలో అక్కడ చిన్నతనమేమియు లేదు. కోస్తా జిల్లాలలో అదే మాట పాలబుగ్గల పాపలకు మాత్రము చెల్లును. ఒక సీమలో సహజమైన మాట ఒక నది దాటగనే మోటయగుచున్నది, మరియొకటి ముద్దుమాటయగుచున్నది. మాటలో మోటతనము లేదు. అది వినువారి అలవాటులో ఉన్నది.

ఇంత చేసియు, కూడును మనము పూర్తిగా వెడలగొట్టలేకపోయితిమి. సామెతలు దానిని కాపాడినవి. "కోటి విద్యలు కూటి కొరకే" అందుము. "కూటికి పేదైతే కులానికి పేదా?" అందుము. పిసినారి ఆప్యాయతను వర్ణింపవలెనన్నచో "కూడూ గుడ్డా అడక్కపోతే బిడ్డను సాకినట్టు సాకుతాను" అందుము. వీనిలో కూడు తీసి అన్నము పెట్టి చూడుడు. "కోటి విద్యలు అన్నము కొరకే" అన్నచో వాక్యము నిలుచును గాని చప్పబడిపోవును. ప్రాస పోయినందున మాత్రమే కాదు. అందులోని ఆకలి పోయినది. మనిషికి కావలసిన కనీస వస్తువులను లెక్కించునపుడు తెలుగువాడు కూడు, గూడు, గుడ్డ అనియే లెక్కించును. ఎన్నికల వేదికలెక్కిన నాయకులును, గోడల మీద వ్రాసిన ఉద్యమకారులును, ఏ పక్షము వారైనను, ఈ మూడు మాటలనే పట్టుకొన్నారు. ఆ చోట భోజనము అనినవారు లేరు.

దీనినిబట్టి మాకు తోచుచున్నది ఇది. అన్నము వడ్డించునది, కూడు లేక తీరనిది. అన్నము అనినపుడు విస్తరియు, నేయియు, వడ్డించు చేయియు గుర్తుకు వచ్చును. కూడు అనినపుడు ఖాళీ కుండ గుర్తుకు వచ్చును. మర్యాద కొరకు ఒక మాటయు, హక్కు కొరకు ఒక మాటయు మన భాషలో ఏర్పడినవి. రెండవ దానిని సిగ్గుమాటగా చేసికొన్న జాతి, ఆకలిని గూర్చి నేరుగా మాట్లాడుటకు కూడ క్రమముగా సిగ్గుపడును.

మాటకు గౌరవము తగ్గుటయే కాక పెరుగుటయు కలదు. అందులకు దృష్టాంతము మన కన్నుల యెదుటనే యున్నది. భోజనము అను సంస్కృత పదము జనుల నోట నలిగి బోనము అయినది. పండితులు దీనిని తద్భవమందురు. వేడి కుండలో వండిన అన్నము, కుండకు పసుపు కుంకుమలు, వేపమండలు, పైన దీపము — ఆ బోనమును తెలంగాణపు ఆడుబిడ్డలు తలకెత్తుకొని ఆషాఢమాసమున అమ్మవారికి సమర్పింతురు. 2014లో తెలంగాణ ప్రభుత్వము బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించినది. నలిగిన మాట నడివీధిలో వాద్యములతో నడుచుచున్నది. దానికి ఆ గౌరవమును ఇచ్చినది నిఘంటువు కాదు. దానిని తలకెత్తుకొన్న మనుష్యులు. కూడునకు అట్టి తల దొరకలేదు, అంతే.

మరియొక విచిత్రమును చెప్పవలెను. మనము వెనుకకు నెట్టిన జొన్న, కొర్ర, సజ్జ, రాగి తిరిగి వచ్చినవి. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగ పాటించినది. పట్టణములలో వైద్యుల సలహాపై వానిని వెదకి కొనుచున్నారు. అందమైన సంచులలో, సిరిధాన్యములను ముద్దుపేరుతో, సన్నబియ్యమును మించిన వెలకు అవి అమ్ముడగుచున్నవి. ఒకప్పుడు పేదవాని కుండలో కొర్రకూడు అయినది, నేడు గాజుపళ్ళెములో కొర్రల అన్నము అయినది. ధాన్యమునకు గౌరవము తిరిగి వచ్చినది. దానిని నూరేండ్లు వండి బ్రదికిన వారి మాటకు రాలేదు.

ఇది మాటలను గూర్చిన ముచ్చట మాత్రమే యైనచో ఇంతసేపు మీ కాలమును తీసికొనియుండము. దీనివలన నొచ్చుకొనువారున్నారు. పల్లెనుండి పట్టణపు వసతిగృహమునకు వచ్చిన పిల్లవాడు మొదటి రాత్రి తోటివారితో "కూడు తిందాము రండి" అనును. గది ఘొల్లుమనును. వానికి కారణము తెలియదు. తన తల్లి నిత్యమును అనెడి మాటయే అది. రెండవ నాటికి తెలిసికొనును. అన్నము అనుట నేర్చుకొనును. అది నేర్చుట మంచిదే. మర్యాద మాట తెలిసియుండవలసినదే. కాని దానితోపాటు అతడు మరియొకటి కూడ నేర్చుచున్నాడు: తన తల్లి మాట నలుగురిలో పలుకదగినది కాదని. సెలవులకు ఇంటికి పోయినపుడు ఆమె "కూడు తిను నాయనా" అన్నచో, ఈసారి నొచ్చుకొనువాడు వాడే. ఆమెను దిద్దువాడును వాడే. తెలంగాణమునుండి కోస్తా ఊరికి కాపురమునకు వచ్చిన కోడలు బువ్వ అన్నప్పుడు జరుగు కథయు ఇట్టిదే. నవ్వినవారు మరునాడు మరచిపోవుదురు. నవ్వించుకొన్నవారు అంత త్వరగా మరువరు. కొందరు మాట మార్చుకొందురు; కొందరు మాటలాడుటయే మానుకొందురు.

కనుక మేము కోరునది పెద్దది కాదు. అన్నమును మాని అందరును కూడు అనవలెనని కాదు. అలవాటు ఆజ్ఞలతో మారదు. అన్నము అను మాట మనకు దేవుని నైవేద్యమునకును, పెండ్లి పంక్తికిని పనికి వచ్చుచున్న మంచి మాట. ఉపాధ్యాయులకు ఒక మనవి: పిల్లవాడు కూడు అన్నప్పుడు తప్పని కొట్టివేయక, ఇది మన పాత తెలుగు మాట, అన్నము దీనికి మరియొక పేరు అని రెండింటిని ప్రక్కప్రక్కన నిలువబెట్టి చూపవలెను. కోడి, ఏడు చెప్పిన నోటితోనే కూడు కథయు చెప్పినచో, నవ్విన తరగతియే చెవి యొగ్గి వినును. ఇంటి పెద్దలకు ఒక మనవి: ఉడికిన మెతుకును తిట్టుగా వాడవలదు. కోపమున్నచో కోపపు మాటలు తెలుగున కొల్లలుగ నున్నవి. తినెడు పదార్థమును అందులోనికి లాగనక్కరలేదు. పని చేయవచ్చిన వారిని ఇంటివారిని అడిగినట్లే అడిగినచో, పిండివంటలు లేకున్నను ఆ పూట వారికి కడుపు నిండును.

ఇక మీ ఇండ్లలో వృద్ధులున్నచో, వారిని ఒక్క మాట అడిగి చూడుడు. వారి చిన్ననాట పొయ్యి మీద ఏది ఉడికెడిదో, దానిని ఏమని పిలిచెడివారో, వేడిగ ఉన్నప్పుడు ఏ పేరో, చద్దియైనపుడు ఏ పేరో చెప్పుమనుడు. సంకటి, గటక, అంబలి, కలి, చద్దికూడు — ఒక్కొక్క మాట వెనుక ఒక ధాన్యమును, ఒక నేలయు, ఒక కరవును, ఒక పండుగయు బయటికి వచ్చును. వారు చెప్పునపుడు దిద్దక వినుడు. ఆ మాటలు వారితోనే పోవునవి. మనము విన్నంతవరకే మనవి.